తాళపుచెవి ఎవరి జేబులో ఉండవలెను?

శరన్నవరాత్రులు సమీపించుచున్నవి. బెంగుళూరు నగరమున ఆయుధపూజకు గల శోభ మనకందరకు తెలిసినదే. పీణ్యలోని పెద్ద కర్మాగారము మొదలు కామాక్షిపాళ్యములోని ఒంటిగది లేతుషాపు వరకు నాడు ప్రతి మరయు ఆగును. నూనెమడ్డి తుడిచి, పసుపుకుంకుమలు పెట్టి, అరటిపిలకలు కట్టి, వాకిట బూడిదగుమ్మడికాయ కొట్టి, పనివారికి మిఠాయి పంచుట మన పెద్దలనాటినుండి వచ్చుచున్న ఆచారము. కన్నడిగులు, తెలుగువారు, తమిళులు అను భేదము ఆ దినమున ఎచ్చటను కనబడదు.

అయితే ఆ పూజకు ముందటి రెండు మూడు దినములను గూర్చి ఎవరును అంతగా మాటలాడరు. సంవత్సరమంతయు చేయి దూరని సందులలో చేయి దూరునది అప్పుడే. శుభ్రపరచుటకై మరల కవచములు విప్పబడును, బెల్టులు తొలగింపబడును, తొట్లలోనికి మనుష్యులు దిగుదురు. మర నడచునప్పటికంటె ఆగినప్పుడు మనుష్యుడు దానికి మరింత చేరువగా పోవును. అది ఆగియేయుండునను నమ్మకముతో పోవును. ఆ నమ్మకమును నిలబెట్టు ఏర్పాటు మన షాపులలో ఉన్నదా అనునదియే ఈ వారము మేము సభ్యులముందుంచు ప్రశ్న.

ఈ పంక్తులు వ్రాయుచున్నవాడు ఇంజనీరు కాడు. ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు చాలించి, తండ్రిగారి వెంట మిరప, పసుపు వ్యాపారమున అడుగుపెట్టినవాడు. కొన్నియేండ్ల క్రిందట మా సరుకు పొడి కొట్టించుచుండిన ఒక మిల్లులో జరిగిన సంగతి ఇది. రాత్రివేళ పొడిని ముందుకు నెట్టు స్క్రూ అడ్డుపడినది. అనంతపురము జిల్లానుండి వచ్చిన ఇరువది యేండ్ల కుఱ్ఱవాడొకడు స్విచ్చి ఆపి, మూత ఎత్తి, లోన గట్టిపడిన పొడిని చేతితో తీయుచుండెను. ఇంతలో షిఫ్టు మారెను. క్రొత్తగా వచ్చినవాడు స్విచ్చి క్రిందికి ఉండుట చూచెను, మిగిలియున్న బస్తాలను చూచెను, స్విచ్చి వేసెను. కుఱ్ఱవాని కుడిచేతి మూడు వ్రేళ్లు పోయెను.

“తెల్లవారునప్పటికి సరుకు లారీ ఎక్కవలెను” అని ఆ సాయంకాలము ఆ మిల్లునకు రెండుమార్లు ఫోను చేసినవాడను నేనే. ఆసుపత్రికి పోయినప్పుడు ఆ కుఱ్ఱవాని తల్లి నన్ను నిందింపలేదు, డబ్బును అడుగలేదు. “స్విచ్చి ఆపినాడంట గదా సామీ, మళ్లా మిషను ఎట్ల తిరిగె?” అని మాత్రము అడిగెను. ఆ ప్రశ్నకు నాడు నావద్ద సమాధానము లేకపోయెను. నేడు వ్రాయుచున్నది ఆలస్యముగా ఇచ్చుచున్న ఆ సమాధానమే.

ఇట్టి ప్రమాదము జరిగినప్పుడెల్ల “అజాగ్రత్త” అను ఒక్కమాటతో విచారణ ముగించుట మనకు అలవాటైనది. కాని ఆ రాత్రి అజాగ్రత్తగా నున్నవారెవరు? కుఱ్ఱవాడు స్విచ్చి ఆపియే చేయిపెట్టెను. రెండవవాడు ఆగియున్న పనిని సాగించుటకే స్విచ్చి వేసెను. ఇద్దరును తమ తమ పని తాము చేసిరి. లోపల మనిషి ఉన్నాడను వార్త మాత్రము స్విచ్చివద్దకు చేరలేదు. ఆ వార్తను చేర్చు ఏర్పాటు చేయవలసినవాడు కూలివాడు కాడు. మిల్లు నడపు యజమాని, అతని మేనేజరు.

ఆ ఏర్పాటు క్రొత్తదియు కాదు, విదేశీయులు మనకు నేర్పవలసినదియు కాదు. పూర్వము మన ఊళ్ల రైసుమిల్లులలో అనుభవశాలియైన ఎలక్ట్రీషియన్ పని మొదలుపెట్టుటకు ముందు పింగాణీ ఫ్యూజును ఊడబెరికి జేబులో వేసికొనెడివాడు. ఆ ముక్క తన జేబులో నున్నంతవరకు ఎవరెంత తొందరపడినను మోటారు తిరుగదని అతడెరుగును. ఒంటిపట్టాల రైలుమార్గములలో బహుకాలము టోకెన్ పద్ధతి నడచినది. డ్రైవరుచేతికి టోకెన్ అందనిదే బండి తరువాతి స్టేషనుకు బయలుదేరుటకు వీలులేదు. విద్యుచ్ఛక్తిశాఖలో లైనుమాన్ స్తంభమెక్కుటకు ముందు సబ్‌స్టేషనునుండి తన పేర “లైన్ క్లియర్” తీసికొనును. దానిని అతడు తిరిగి అప్పగించువరకు ఆ లైనులోనికి విద్యుత్తు వదలరాదు. ఈ మూడింటిలోను ధర్మమొక్కటే: ఎవని ప్రాణము ప్రమాదములో నున్నదో వానిచేతనే తాళపుచెవి ఉండవలెను.

పారిశ్రామిక ప్రపంచమున దీనికే “లాకౌట్, ట్యాగౌట్” అని పేరు. తాళము వేసి చీటీ కట్టుట అని మనము చెప్పుకొనవచ్చును. అమెరికా ప్రభుత్వము 1989లో దీనిని నిబంధనగా ప్రకటించి, మరుసటి సంవత్సరమునుండి అమలుపరచినది. ఈ పద్ధతిని పాటించుటవలన ఏటేట సుమారు 120 మరణములు, 50,000 గాయములు నివారింపబడునని అచ్చటి కార్మిక భద్రతాశాఖ అంచనా వేసినది.

ఇందు మన మేనేజర్లు మొదట గ్రహింపవలసినది, స్విచ్చి ఆపుటయు శక్తిని తొలగించుటయు ఒకటి కావని. మన నగరమునుండియే ఉదాహరణములు చెప్పుదము. కరెంటు పోగానే “ఎలాగు ఖాళీయే గదా” యని మరను తుడువ మొదలుపెట్టుట పలుచోట్ల కలదు. స్విచ్చి వేసియే యున్నచో కరెంటు తిరిగివచ్చిన క్షణమున, లేక జెనరేటరు తనంతట తాను అందుకొన్న క్షణమున, ఆ మర కదలవచ్చును. మెయిన్ స్విచ్చి ఆపిన పిదప గూడ కెపాసిటర్లలో విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును. కంప్రెసరు ఆగినను తొట్టిలోని గాలి ఒత్తిడి తగ్గదు. పవర్ ప్రెస్సు మోటారు ఆగినను ఫ్లైవీలు తిరుగుచునే యుండును. హైడ్రాలిక్ ప్రెస్సు పైదిమ్మె గాలిలో నిలిచియున్నదనిన, అది పడుటకు సిద్ధముగా నున్నదనియే అర్థము. బాయిలరు ఆవిరి, కాగిన నూనె, బిగించిన స్ప్రింగు, ఎత్తిన బరువు, తొట్టిలోని రసాయనము, ఇవియన్నియు కంటికి కనబడని శక్తి నిలువలు.

ఈ సత్యమును 2020వ సంవత్సరము మన తెలుగునాట మూడుమార్లు చాటినది. ఆ యేడు మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణములోని ఆర్.ఆర్. వెంకటాపురమున ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది ప్రాణములు కోల్పోయిరి. లాక్‌డౌన్ కారణమున కర్మాగారము ఆగియున్న కాలమది. కాని తొట్టిలోని ద్రవము ఆగియుండలేదు. తగినంత చల్లదనము, తగిన నిరోధక ద్రవ్యము లేకున్నచో తనలో తానే వేడెక్కు స్వభావము దానిది. ఆగస్టు 1వ తేదీన అదే నగరమున హిందుస్థాన్ షిప్‌యార్డులో బరువు మోయించి పరీక్షించుచుండగా ఒక క్రేను కూలి 11 మంది మరణించిరి. ఆగస్టు 20వ తేదీ రాత్రి శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్కేంద్రమున, బ్యాటరీల పని జరుగుచున్న సమయమున, మంటలు రేగి తొమ్మండుగురు అసువులు బాసిరి. విద్యుత్కేంద్రములో బ్రేకరు తెగవలెనన్నను, ఆ ఆజ్ఞను మోయు విద్యుత్తు సాధారణముగా బ్యాటరీలనుండియే వచ్చును. శక్తిని త్రుంచు సాధనమునకు గూడ శక్తి కావలెనను సంగతి మనలో ఎందరికి తట్టును?

ఈ మూడును తాళమొక్కటి వేసినంతమాత్రమున తప్పిపోయెడి ప్రమాదములని మేము చెప్పుటలేదు. శక్తి ఎన్ని రూపములలో దాగియుండునో ముందుగా లెక్కపెట్టుకొనని చోట తాళము ఎచ్చట వేయవలెనో గూడ తెలియదని మాత్రమే మా భావము.

ఇక చేయవలసిన పని. మన సభ్యులలో మిల్లులు, వర్కుషాపులు నడపువారును, పెద్ద కంపెనీలలో ఉత్పత్తిశాఖలను నిర్వహించువారును పెక్కుమంది గలరు. అనుభవజ్ఞులైన ఇంజనీర్లను అడిగి తెలిసికొన్నంతవరకు వారికి క్రింది క్రమమును మనవి చేయుచున్నాము.

మొదటిది, పట్టిక. ప్రతి మరకును ఒక కాగితము వ్రాయవలెను. దానికి శక్తి ఎన్ని దారులనుండి వచ్చుచున్నది? ప్రతిదారిని ఎచ్చట త్రుంచవలెను? త్రుంచిన పిదప లోపల ఏమి మిగులును? ఈ పట్టిక ఆఫీసుగదిలో కూర్చుండి వ్రాయునది కాదు. మేనేజరు స్వయముగా ఎలక్ట్రీషియన్‌ను, ఆ మర నడపువానిని వెంటబెట్టుకొని, మరచుట్టు తిరిగి వ్రాయవలెను.

రెండవది, తాళములు. మరమ్మతు చేయు ప్రతివానికి తన పేరుగల తాళమొకటి, చెవి ఒకటి ఉండవలెను. దాని మారుచెవి ఫోర్‌మన్ బల్లమీద వ్రేలాడరాదు. నలుగురు కలిసి పనిచేయునప్పుడు నాలుగు తాళములును పట్టు ఇనుపకొక్కెమును స్విచ్చికి తగిలింపవలెను. చివరి తాళము తీయువరకు స్విచ్చి కదలదు. తాళమునకు తోడు చీటీ: ఎవరు, ఏ పనిపై, ఎప్పటినుండి. చీటీ మాటయే చెప్పును. చేయి పట్టుకొని ఆపునది తాళము. కనుక తాళము వేయ వీలున్నచోట చీటీతో సరిపెట్టరాదు.

మూడవది, వరుస. ముందు అందరకు చెప్పవలెను, మరను ఆపవలెను, శక్తివచ్చు ప్రతిదారిని త్రుంచవలెను, తాళము వేయవలెను, లోన మిగిలిన శక్తిని విడువవలెను, అనగా గాలి వదలుట, బరువు దింపుట లేక దిమ్మె ఆనించుట, కెపాసిటరును తగిన రీతిని ఖాళీచేయుట. చివరిది, అందరును మరచునది: పరీక్ష. నడుపు బొత్తామును నొక్కి చూడవలెను. మర కదలకున్నచో బొత్తామును తిరిగి ఆపుస్థితికి తేవలెను. విద్యుత్తు విషయమున టెస్టరును ముందు కరెంటున్న చోట పెట్టి అది పనిచేయుచున్నదని తెలిసికొని, పిదప పనిచోట పెట్టి, మరల కరెంటున్న చోట చూచుకొనవలెను. చెడిపోయిన టెస్టరు కరెంటు లేదనియే చెప్పును గదా!

నాలుగవది, విప్పుట. పనిముట్లు తీసి, కవచములు బిగించి, మనుష్యులను లెక్కించిన పిదప ఎవరి తాళము వారే తీయవలెను. ఒకడు మరచి తాళముతో ఇంటికి పోయినచో సుత్తితో కొట్టువాడు తొందరపాటువాడు. వానికి ఫోను చేసి, వాడు లోపల లేడని కన్నులార చూచి, మేనేజరు సంతకముతోనే తాళము తీయవలెను. వాడు తిరిగి పనిలోనికి దిగకముందే ఆ సంగతి వానికి తెలుపవలెను.

ఐదవది, షిఫ్టుమార్పు. మా మిల్లులో ప్రమాదము జరిగినది ఈ సందులోనే. ప్రపంచమున పేరుమోసిన ప్రమాదమొకటియు ఇట్టి సందులోనే పుట్టినది. 1988 జులై 6వ తేదీన ఉత్తరసముద్రములోని పైపర్ ఆల్ఫా అను చమురువేదికపై మరమ్మతుకై ఒక పంపు భద్రతావాల్వును విప్పియుంచిరి. ఆ వార్త రాత్రి షిఫ్టునకు అందలేదు. వారు ఆ పంపును నడిపిరి. ఆ రాత్రి 167 మంది మరణించిరి. కనుక దిగిపోవువాడు తన తాళము తీయుటకు ముందే ఎక్కువాడు తన తాళము వేయవలెను. ఇద్దరును మరవద్ద నిలిచి మాటలాడుకొనవలెను.

ఆరవది, బయటివారు. పండుగముందు శుభ్రపరచుటకు, వెల్డింగునకు, రంగులు వేయుటకు కంట్రాక్టరు మనుష్యులు వత్తురు. మన మరల గుణములు వారెరుగరు. “కంట్రాక్టరు చూచుకొనును” అను మాట యజమాని నోట రారాదు. వారిచేతను తాళము పెట్టి, పట్టిక చదివి వినిపించిన పిదపనే పని అప్పగింపవలెను.

ఏడవది, తనిఖీ. ఏడాదికొకమారైనను మేనేజరు స్వయముగా ఒక మరమ్మతు దగ్గర నిలిచి, ఆద్యంతము చూడవలెను. పట్టికలో వ్రాసినది వేరు, చేతులు చేయునది వేరు కావచ్చును.

దీనికి ప్రతివాదములు రెండు వినబడును. మొదటిది కాలహరణము. పది నిమిషముల పనికి మరొక పది నిమిషములు తాళములకా యని అడుగుదురు. నిజమే, పట్టును. అందువలననే ఈ పని కూలివాని ఇష్టమునకు విడువరాదు. మేనేజరు లెక్కలలో మరమ్మతుకాలముతో పాటు తాళముకాలము గూడ ముందే చేర్చియుంచవలెను. మర ఆగిన వార్త రాగానే పైనుండి అడుగు మొదటి ప్రశ్న “ఎంతసేపు?” అనునదైనచో ఏ తాళమును నిలువదు. “తాళము వేసినారా?” అని మొదట అడుగుట మొదలుపెట్టిననాడు క్రిందివారందరును తామే మారుదురు. ఈ మాట మేనేజర్లకే కాదు, సరుకు తొందరపెట్టు నావంటి వ్యాపారులకును వర్తించును.

రెండవది, “మాది చిన్న షాపు, చట్టము మాకెక్కడిది?” అను వాదము. చట్టము ఈ విషయమున మౌనముగా లేదు. 1948నాటి ఫ్యాక్టరీల చట్టము నడచుచున్న మరలకు కంచెలుండవలెననియు, ప్రతి పనిగదిలో అత్యవసరమున శక్తిని త్రుంచు సాధనముండవలెననియు చెప్పెను. 1976 సవరణ దానికి మరొక మాట చేర్చినది: ఆపుస్థితినుండి నడచుస్థితికి పొరపాటున మారగల సాధనమున్నచోట దానిని సురక్షితస్థితిలో తాళము వేయు ఏర్పాటుండవలెను. అనగా తాళపు నియమము అమెరికాకంటె ముందే మన చట్టములో చోటుచేసికొన్నది. భోపాలు దుర్ఘటన పిదప 1987లో వచ్చిన సవరణ పనివారి భద్రతాభారమును స్పష్టముగా యజమానిపై నుంచి, కంపెనీ అయినచో డైరెక్టర్లలో ఒకరిని ఆ స్థానమున నిలిపినది. 2020లో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబరు 21న అమలులోనికి తెచ్చిన వృత్తిభద్రతా కోడ్ ఆ పాత చట్టము స్థానమున వచ్చినది. దానిలో విద్యుత్తుతో నడచు చోటు ఫ్యాక్టరీ అనిపించుకొనుటకు కావలసిన పనివారి సంఖ్య 10నుండి 20కి పెరిగినది. పదునైదుగురితో నడచు షాపు ఫ్యాక్టరీ అను పేరునుండి తప్పించుకొనవచ్చును. దాని మరలోని స్క్రూకు మాత్రము ఆ సంఖ్య తెలియదు.

ఇక మన సంఘమునకు ప్రత్యేకముగా సంబంధించిన మాటయొకటి. పాత ఫ్యాక్టరీల చట్టము 108వ సెక్షను ప్రకారము నోటీసులు ఆంగ్లమునను, పనివారిలో అధికసంఖ్యాకులకు తెలిసిన భాషలోను ఉండవలసియుండెను. మంచిదే. కాని అధికసంఖ్యాకుల భాష రానివాడు చేయిపెట్టునది గూడ ఆ మరలోనే. భాషాల్పసంఖ్యాకులమైన మనకు ఈ బాధ ఇతరులు చెప్పనక్కరలేదు. మూడు తరములుగా ఈ నగరమున నివసించి కన్నడము ఇంటిభాషవలె మాటలాడు మనము, నిన్న మొన్న హిందూపురమునుండి, మదనపల్లెనుండి వచ్చిన కుఱ్ఱవానికి గోడమీది అక్షరము రాదని మరచుట తగదు. మన షాపులలో ఒడిశా, బీహారు, ఈశాన్యరాష్ట్రముల పిల్లలును పనిచేయుచున్నారు. మనకు మన భాషలో హెచ్చరిక కావలెనని కోరుట ఎంత న్యాయమో, వారికి వారి భాషలో ఇచ్చుటయు అంతే న్యాయము.

కావున ప్రతి తాళపు చీటీపై ముందు కన్నడమునను, పిదప ఆ షాపులోని పనివారి భాషలన్నింటను, చదువురానివారికై బొమ్మతోను ఒక్క వాక్యముండవలెను. ఆ వాక్యము ఈ పత్రికాభాషలో నుండకూడదు. “లోపల మనిషి ఉన్నాడు. స్విచ్చి వెయ్యొద్దు. తాళంచెవి నా దగ్గరుంది.” ఇంతే చాలును. ఇట్టి చీటీలను ముద్రించి సభ్యుల షాపులకు పంచుట మన సంఘమువంటి సంస్థలకు భారము కాదు. దానికి పూనుకొనవలసినదిగా కార్యవర్గమును కోరుచున్నాము. ముద్రణకయ్యే కాగితపు ఖర్చు భరించుటకు ఈ పంక్తులు వ్రాయుచున్నవాడు సిద్ధముగా నున్నాడు.

సభ్యులకు మా మనవి చిన్నది. ఈ యేడు మరలను తుడుచుటకు ముందే తాళములు కొనుడు. తుడుచువాని జేబులో చెవి ఉన్నదో లేదో చూచిన తరువాతనే మూత ఎత్తనిండు. పూజనాడు మరల ప్రక్కన ఆ తాళములకును కుంకుమపెట్టుడు. మరునాడు వానిని బీరువాలో దాచక, పనివారిచేతులలో పెట్టుడు. మూడు వ్రేళ్లు పోయిన ఆ కుఱ్ఱవాడు నేడు తన ఊరిలో చిన్న అంగడి పెట్టుకొని జీవించుచున్నాడు. ఎడమచేతితో తూకము వేయుచున్నాడు. వాని తల్లి అడిగిన ప్రశ్నను మరొక తల్లి మనలో మరెవ్వరినైనను అడుగవలసిన అవసరము రాకుండుగాక.